చెవిపోటు ఎంతవరకు ప్రమాదం? పాఠకుల ప్రశ్నలకు చెవి, ముక్కు, గొంతు వైద్యుని జవాబులు

ప్రశ్న: మా బాబుకి రెండున్నరేళ్ళు. చలికాలం మొదలైనప్పటి నుంచి మూడుసార్లు జలుబు చేసింది, మూడుసార్లూ వెంటనే చెవిపోటు వచ్చింది. మూడోసారి రాత్రంతా ఏడ్చి, తెల్లవారేసరికి దిండు మీద చీము, నెత్తుటి చారలు కనిపించాయి. పిల్లల డాక్టరు గారు మందులిచ్చారు, వారంలో తగ్గింది. అయితే మా బంధువుల్లో ఒక పెద్దావిడ, ‘చెవిలో చీము మెదడుకి ఎక్కుతుంది, మా ఊళ్ళో ఒక పిల్లవాడు అలాగే పోయాడు’ అన్నారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నిజంగా ఎంతమందికి అలా జరుగుతుంది?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, మీరు అడిగినదానికి ముందు సూటిగా జవాబు చెబుతాను. జలుబు వెంట వచ్చే కొత్త చెవిపోటు, అంటే మధ్య చెవిలో అప్పటికప్పుడు చేరిన ఇన్‌ఫెక్షన్, ప్రాణం మీదికి రావడం చాలా అరుదు. బ్రిటన్‌లో 1990 నుంచి 2006 వరకు కుటుంబ వైద్యుల దగ్గర నమోదైన లక్షలాది పిల్లల రికార్డులను పరిశీలించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. చెవి వెనుక ఎముకలోకి చీము పాకే మాస్టాయిడైటిస్ అనే ఉపద్రవం, యాంటీబయాటిక్ ఇచ్చిన చెవిపోటుల్లో పదివేలకు సుమారు రెండింటిలో, ఇవ్వనివాటిలో పదివేలకు సుమారు నాలుగింటిలో వచ్చినట్టు అందులో తేలింది. అలా వచ్చినవారిలోనూ చాలామంది ఆసుపత్రిలో సూదిమందులతో, అవసరమైతే చిన్న ఆపరేషన్‌తో కోలుకుంటారు. చీము మెదడు దాకా వెళ్ళడం అంతకంటే ఎంతో అరుదు. ముఖం ఒక పక్కకు వంకర పోవడం కూడా యాంటీబయాటిక్‌లు వచ్చాక ఇరవై వేల చెవిపోటుల్లో ఒకదానిలో కనిపించేంతగా తగ్గిపోయింది. అయితే ఈ లెక్కలు వైద్యుడు దగ్గరలో ఉన్న, రెండు మూడు రోజుల్లో మళ్ళీ చూపించుకోగలిగిన పిల్లలవి. మీ బాబు కూడా అలాంటి పిల్లవాడే. మీరు ప్రతిసారీ తీసుకువెళ్ళారు, మందు పూర్తిగా వాడారు.

మీ బంధువు మాటను మాత్రం నేను కొట్టిపారేయను, ఎందుకంటే మధ్య చెవి ఉన్న చోటు అలాంటిది. కర్ణభేరి వెనుక ఉండే ఆ చిన్న గాలి గదికి పైకప్పుగా ఉన్న ఎముక చాలా పలుచన, దాని మీదే మెదడు ఆని ఉంటుంది. గదికి వెనుక, మనం చెవి వెనుక తడిమితే గట్టిగా తగిలే మాస్టాయిడ్ ఎముక లోపల తేనెపట్టులా చిన్న చిన్న అరలతో ఉంటుంది. ఆ అరలను ఆనుకొని మెదడు నుంచి రక్తాన్ని దించే పెద్ద సిర పోతుంది. ముఖాన్ని కదిలించే నరం ఈ గది గోడలోనుంచే వెళుతుంది. పెన్సిలిన్ వాడుకలోకి వచ్చిన 1940లకు ముందు ఈ గదిలో చేరిన చీముకు దారి చూపడానికి కత్తి తప్ప వేరే సాధనం లేదు. జర్మనీలో హెర్మన్ ష్వార్‌ట్సె అనే వైద్యుడు మాస్టాయిడ్ ఎముకను తొలిచి చీము తీసే పద్ధతిని 1873లో వివరంగా రాసినప్పటి నుంచి, యాంటీబయాటిక్‌లు వచ్చేదాకా, పెద్ద ఆసుపత్రుల్లో పిల్లలకు తరచుగా చేసే ఆపరేషన్లలో అదొకటి. ఆ కాలపు భయం ఇళ్ళల్లో ఇప్పటికీ మిగిలింది. లేదా ఆవిడ చెప్పిన పిల్లవాడికి ఏళ్ళ తరబడి చెవి కారుతూ ఉండి ఉండవచ్చు. ఆ జబ్బు వేరు, దాని గురించి కింద మరొక ఉత్తరానికి జవాబులో రాశాను.

దిండు మీద కనిపించిన చీము, నెత్తుటి చారలు చూసి మీరు బెదిరిపోయారు. నిజానికి ఆ రాత్రి జరిగింది ఏమిటంటే, లోపల చీము ఒత్తిడికి కర్ణభేరిలో చిన్న చిల్లు పడి, చీము బయటికి వచ్చింది. అందుకే తెల్లవారేసరికి బాబు ఏడుపు తగ్గి ఉంటుంది. ఇలా పడిన చిల్లు చాలామంది పిల్లల్లో కొన్ని వారాల్లో దానంతట అదే పూడుతుంది. పూడిందో లేదో ఒకసారి చూపించుకోవాలి. అప్పటిదాకా తలస్నానంలో ఆ చెవిలోకి నీళ్ళు పోకుండా వాసెలిన్ రాసిన దూదిని బయట అడ్డం పెట్టండి.

ఇక ఏ గుర్తు కనబడితే ఆగకూడదో తెలుసుకుంటే మీకు నిద్ర పడుతుంది. చెవుల మీద దీపం వెలుతురు పడేలా బాబును కూర్చోబెట్టి, వెనుక నుంచి రెండు చెవులనూ పోల్చి చూడండి. ఒక చెవి ముందుకీ కిందికీ తోసుకువచ్చినట్టు నిలబడినా, చెవి వెనుక సహజంగా ఉండే మడత వాచి పూడిపోయినా, అక్కడ ఎర్రబడి వేలు పెడితే పిల్లవాడు తాళలేకపోయినా, అది మాస్టాయిడైటిస్ కావచ్చు. ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. అలాగే మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజులకూ జ్వరం దిగకపోయినా, తగ్గిన జ్వరం మళ్ళీ పెరిగినా, ఆపకుండా వాంతులు, మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం, మత్తుగా పడి ఉండడం, ఫిట్స్, మూతి వంకర, నడుస్తూ తూలిపోవడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రి అయినా సరే బయలుదేరాలి. ఈ గుర్తులేవీ లేకుండా, నొప్పి తగ్గి, మునుపటిలా ఆడుకుంటున్న పిల్లవాడి గురించి మెదడు జబ్బు భయం పెట్టుకోనవసరం లేదు.

మీరు అడగనిది ఒకటి ఉంది, మీ బాబు విషయంలో నా ఆలోచన దాని మీదే. చెవిపోటు తగ్గాక కూడా మధ్య చెవిలో నీరు నిలిచిపోతుంది. నెల తర్వాత చూస్తే పదిమందిలో నలుగురు పిల్లలకు ఇంకా ఉంటుంది, మూడు నెలల తర్వాత కూడా కొందరికి మిగిలే ఉంటుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, కాబట్టి ఎవరికీ తెలియదు. పిల్లవాడికి మాత్రం చెవిలో వేలు పెట్టుకొని వింటున్నంత మందంగా వినిపిస్తుంది. రెండున్నరేళ్ళ వయసు మాటలు ఒకదానివెంట ఒకటి పట్టుకునే వయసు. పిలిస్తే పలకడం లేదనీ, టీవీ శబ్దం పెంచమంటున్నాడనీ, మాట స్పష్టంగా రావడం లేదనీ అనిపిస్తే దాన్ని మొండితనం అనుకోకండి. ఆరు నెలల్లో మూడు లేదా ఏడాదిలో నాలుగు చెవిపోటులు వస్తే దాన్ని పదే పదే వచ్చే రకంగా మేము లెక్కిస్తాం. మీ బాబు ఆ హద్దు దగ్గర ఉన్నాడు కనుక ఈ నెలలోనే ఒక ఈఎన్‌టీ వైద్యునికి చూపించి, చెవిలో నీరు ఉందేమో తెలిపే టింపనోమెట్రీ పరీక్ష చేయించండి. మూడు నెలలు దాటినా నీరు పోక, వినికిడి తగ్గి ఉంటే, కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం అమర్చడం గురించి ఆలోచిస్తారు.

మళ్ళీ మళ్ళీ రాకుండా మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పిల్లల్లో ముక్కు వెనుక నుంచి మధ్య చెవికి వెళ్ళే గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు అంత తేలికగా చెవికి పాకుతుంది. పడుకోబెట్టి పాలసీసా పట్టకండి. ఇంట్లో ఎవరికైనా సిగరెట్, బీడీ అలవాటు ఉంటే ఆ పొగ పిల్లవాడు పీల్చకూడదు. చెవిపోటుకు ముఖ్య కారణాల్లో ఒకటైన న్యూమోకాకస్ బాక్టీరియాకు ఎదురుగా ఇచ్చే పీసీవీ టీకాను 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2021 నాటికి దేశమంతటా ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల – ఈ మూడు డోసులూ పడ్డాయో లేదో మీ టీకాల కార్డులో చూసుకోండి. ఈ టీకా చెవిపోటులన్నిటినీ ఆపదు కానీ, అదే బాక్టీరియా వల్ల వచ్చే మెదడు పొరల వాపు, న్యుమోనియాల నుంచి గట్టి రక్షణ ఇస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. మూడేళ్ళ మనవరాలికి చెవిపోటు వస్తే అక్కడి డాక్టరు యాంటీబయాటిక్ రాయకుండా, నొప్పి మందు ఇచ్చి రెండు మూడు రోజులు చూద్దాం అన్నారట. ఇక్కడైతే వెంటనే రాసేవారు. పిల్లను నిర్లక్ష్యం చేస్తున్నారేమో అని మా బెంగ.
– ఒక అమ్మమ్మ, విజయవాడ

జవాబు: నిర్లక్ష్యం కాదమ్మా, అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2013లో ఇచ్చిన సూచనలు అలాగే చెబుతున్నాయి. రెండేళ్ళు దాటిన బిడ్డకు, జ్వరం 102 డిగ్రీల లోపే ఉండి, నొప్పి మరీ తీవ్రం కాకుండా, చెవి కారకుండా ఉంటే 48 నుంచి 72 గంటలు గమనించి, తగ్గకపోతే అప్పుడు మందు మొదలుపెట్టవచ్చు. ఎక్కువమంది పిల్లలకు మొదటి రోజు దాటేసరికే నొప్పి దానంతట అదే తగ్గిపోతుంది. పైన చెప్పిన బ్రిటన్ అధ్యయనం ప్రకారం ఒక్క మాస్టాయిడైటిస్‌ను ఆపాలంటే సుమారు 4,800 చెవిపోటులకు యాంటీబయాటిక్ ఇవ్వాల్సి వస్తుంది. ఈలోగా వారిలో ఎంతోమందికి విరేచనాలు, దద్దుర్లు వస్తాయి, మందుకు లొంగని బాక్టీరియా పెరుగుతుంది. ఆరు నెలల లోపు పసివాళ్ళకు, రెండేళ్ళ లోపు ఉండి రెండు చెవులూ పట్టినవారికి, చీము కారుతున్నవారికి, జ్వరం ఎక్కువగా ఉన్నవారికి మాత్రం ఆగకుండా మొదలుపెడతారు.

అయితే ‘చూద్దాం’ అనే మాటకు ఒక షరతు ఉంది. రెండో రోజు చూడడానికి అదే డాక్టరు అందుబాటులో ఉండాలి. ఏజెన్సీ గ్రామం నుంచి రెండు బస్సులు మారి వచ్చిన తల్లిని మళ్ళీ ఎల్లుండి రమ్మనడం కుదరదని తెలిసి మందు రాసి పంపే వైద్యుణ్ణి నేను తప్పు పట్టను. నాకు అభ్యంతరమల్లా, కిందటిసారి మిగిలిన సిరప్ సీసాను ఇంట్లోనే తీసి పట్టడం, నొప్పి తగ్గగానే రెండో రోజే మందు మానేయడం గురించి. సగం వైద్యం జబ్బును ముసుగు కప్పి ఉంచుతుంది. లోపల ఎముకలో చీము ఉన్నా పైకి నొప్పి, జ్వరం తెలియకుండా పోతాయి. ఇక నొప్పికి బరువును బట్టి పారాసెటమాల్ వేళకు ఇవ్వడం మరచిపోవద్దు, ఆ మొదటి రాత్రి బిడ్డకు కావలసింది అదే.

ప్రశ్న: మా మరిదికి 24 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి కుడి చెవి కారుతుంది. నొప్పి ఉండదు, దూది పెట్టుకొని పనికి వెళ్తాడు. చీము కొంచెమే వస్తుంది కానీ దగ్గరికి వెళ్తే వాసన. పెళ్ళి సంబంధాలు చూస్తున్నాం కాబట్టి ఇప్పుడు చూపిద్దామంటే, ఇన్నేళ్ళు ఏమీ కాలేదు కదా అంటున్నాడు. పదిరోజులుగా ఆ పక్క తలనొప్పి అంటున్నాడు, చెవిలో వేలు పెట్టి నొక్కితే కళ్ళు తిరుగుతున్నాయట. చెవి కూడా ఇప్పుడు సరిగ్గా వినిపించడం లేదు.
– ఒక పాఠకురాలు, నారాయణపేట

జవాబు: మీ ఉత్తరం చదివిన వెంటనే, పత్రిక వెలువడేదాకా ఆగకుండా, అతన్ని ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళమని మీకు విడిగా కబురు పంపించాము. ఇక్కడ రాస్తున్నది ఇలాంటి చెవితోనే రోజులు నెట్టుకొస్తున్న ఇతర పాఠకుల కోసం.

మన ప్రాంతంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. రాత్రంతా ఏడ్చిన పిల్లవాడిని చూసి ఇల్లంతా హడలిపోతుంది, ఇరవై ఏళ్ళుగా నొప్పి లేకుండా కారుతున్న చెవిని చూసి ఎవరూ ఉలిక్కిపడరు. ప్రమాదం ఉన్నది రెండోదానిలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో ప్రచురించిన నివేదిక, కారే చెవి జబ్బు జనాభాలో నూటికి నాలుగుకు మించి ఉన్న దేశాల జాబితాలో మన దేశాన్ని చేర్చింది. మధ్య చెవి జబ్బుల ఉపద్రవాల వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 21,000 మంది మరణిస్తున్నారని 2012లో ప్రచురితమైన మరో అంచనా చెబుతోంది. థాయ్‌లాండ్‌లో చీము పట్టిన చెవితో వచ్చిన 17 వేలకు పైగా రోగులను పరిశీలించి 1993లో ప్రచురించిన నివేదికలో, ఉపద్రవాలు వచ్చినవారు నూటికి ఒకరి కంటే తక్కువ, మెదడుకు పాకినవారు మొత్తం రోగుల్లో సుమారు నాలుగు వందలకు ఒకరు. వినడానికి చిన్న సంఖ్యలే. కానీ అలా మెదడుకు పాకినవారిలో దాదాపు ఐదుగురికి ఒకరు బతకలేదు. కొత్త చెవిపోటుల్లో పదివేలకు రెండు, నాలుగు అని పైన చెప్పిన లెక్కతో పోల్చి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

కారే చెవులన్నీ ఒకటి కావు. కర్ణభేరి నడిమధ్యలో చిల్లు ఉండి, జలుబు చేసినప్పుడు తీగలా సాగే, వాసన లేని చీము ధారాళంగా వచ్చే చెవి సాధారణంగా వినికిడిని తగ్గిస్తుందే తప్ప లోపలి భాగాలకు పెద్దగా ఎసరు పెట్టదు. చీము కొంచెమే వస్తూ కుళ్ళు వాసన వేసే చెవిని మాత్రం మేము అనుమానంగా చూస్తాం. అలాంటి చెవిని శుభ్రం చేసి మైక్రోస్కోపు కింద చూస్తే, కర్ణభేరి పై అంచున లోపలికి గుంట పడి, అందులో తెల్లని పొలుసులు పేరుకొని ఉంటాయి. ఆ పొలుసులు చర్మానివి. చర్మం చేరకూడని మధ్య చెవిలోకి చేరి, సంచిలా పెరుగుతూ చుట్టూ ఉన్న ఎముకను కొద్దికొద్దిగా తినివేస్తుంది. దీని పేరు కొలెస్టియటోమా. పేరు విని గడ్డ అనుకోకండి, ఇది కాన్సరు కాదు. కానీ తాను ఉన్న చోటు వల్ల కాన్సరు అంత చెరుపు చేయగలదు. ముందు వినికిడి ఎముకలు అరుగుతాయి. తర్వాత శరీరం తూలిపోకుండా చూసే లోపలి చెవి గొట్టం మీద ఎముక పోతుంది. చెవిలో వేలు నొక్కితే కళ్ళు తిరగడం దీనికి గుర్తు. ముఖనరం మీద ఎముక పోతే మూతి వంకర పోతుంది. పైకప్పు పోతే చీముకూ మెదడు పొరలకూ మధ్య అడ్డు ఉండదు.

కారే చెవి ఉన్న మనిషికి కొత్తగా తలనొప్పి, చలిజ్వరం, వాంతులు మొదలైతే అందుకే మేము ఒక్క రోజు కూడా ఆగము. ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటి చెప్పాలి. మెదడులో చీముగడ్డ తయారయ్యేటప్పుడు మొదట జ్వరం, తలనొప్పి వచ్చి, తర్వాత కొన్ని రోజులు, కొందరిలో కొన్ని వారాలు అవి తగ్గినట్టు కనిపిస్తాయి. మాత్రలు పని చేశాయనుకొని ఇంటివాళ్ళు ఊరుకుంటారు. ఈలోగా గడ్డ చుట్టూ గోడ కట్టుకుంటూ పెరుగుతుంది. అలాగే ఎన్నాళ్ళనుంచో కారే చీము ఉన్నట్టుండి ఆగిపోయి తలనొప్పి మొదలైతే, చెవి బాగుపడిందని సంతోషించకూడదు. లోపలి నుంచి బయటికి దారి మూసుకుపోయి ఉండవచ్చు.

మీ మరిదికి ముందు స్కానింగ్ తీసి మెదడు పరిస్థితి చూస్తారు, తర్వాత మాస్టాయిడ్ ఆపరేషన్ చేస్తారు. చుక్కల మందుతో కొలెస్టియటోమా పోదు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించవచ్చు, హైదరాబాద్ కోఠిలో ప్రత్యేకంగా ఈఎన్‌టీ ప్రభుత్వ ఆసుపత్రే ఉంది. ఉత్తరాంధ్ర పాఠకులకు విశాఖలో అలాంటిదే ఉంది. ఆరోగ్యశ్రీ కింద వీలవుతుందా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. పెళ్ళి సంబంధాల మాట కాసేపు పక్కన పెట్టండి.

ప్రశ్న: నాకు మాస్టాయిడ్ ఆపరేషన్ కావాలన్నారు. అది చేయించుకుంటే మూతి వంకర పోతుందనీ, ఉన్న వినికిడి కూడా పోతుందనీ తెలిసినవాళ్ళు భయపెడుతున్నారు. – ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ముఖాన్ని కదిలించే నరం ఆపరేషన్ చేసే చోటుకు వెంట్రుకవాసి దూరంలో ఉన్నమాట నిజం. అనుభవం ఉన్న చేతుల్లో, మైక్రోస్కోపు కింద చేసినప్పుడు దానికి శాశ్వతమైన దెబ్బ తగలడం నూటికి ఒకరికంటే తక్కువ. ఆపరేషన్ వద్దనుకుంటే ఆ నరాన్ని జబ్బు తినే అవకాశం ఏడాదికేడాది పెరుగుతూనే ఉంటుంది, అది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వినికిడి సంగతి వైద్యుడిని ముందే విడమరచి అడగండి. ఈ ఆపరేషన్‌లో మొదటి ఉద్దేశం జబ్బును పూర్తిగా తీసి ప్రాణానికి భద్రత కల్పించడం, రెండోది చెవి కారకుండా ఆరబెట్టడం, వినికిడి పెంచడం మూడోది. కొందరికి దానికోసం తర్వాత మరో ఆపరేషన్ అవసరమవుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, కుట్లు విప్పాక మీరు మాయమైపోకూడదు. కొలెస్టియటోమా మళ్ళీ పెరిగే గుణం ఉన్నది కాబట్టి ఏళ్ళపాటు చూపించుకుంటూ ఉండాలి.

ప్రశ్న: చెవిపోటుకు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయవచ్చా? మెడికల్ షాపులో ఇచ్చే చుక్కలు వాడవచ్చా? – పలువురు పాఠకులు

జవాబు: నూనె పోయవద్దు. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో మీకు పైనుంచి తెలియదు. ఉంటే ఆ నూనె నేరుగా మధ్య చెవిలోకి పోతుంది. చిల్లు లేకపోతే నొప్పి ఉన్న చోటికి నూనె చేరనే చేరదు. ఆ తర్వాత చెవిని చూసే వైద్యునికి నూనె, వెల్లుల్లి తునకలు తప్ప లోపల ఏమీ కనబడవు. చంటిబిడ్డ చెవిలో తల్లిపాలు పిండడం, పిన్నీసుతో, అగ్గిపుల్లతో తిప్పడం కూడా ఇలాంటివే. చుక్కల మందుల్లో జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్నవి చిల్లు ఉన్న చెవిలో ఎక్కువ రోజులు వాడితే వినికిడి నరం దెబ్బతినవచ్చు, కాబట్టి షాపులో అడిగి కొనుక్కోకండి. సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు చిల్లు ఉన్నా వాడదగినవి, కానీ చీము నిండిన చెవిలో పోసిన మందు చీము మీదే తేలుతుంది. శుభ్రమైన గుడ్డను లేదా దూదిని సన్నని వత్తిగా చుట్టి, తడి పీల్చేలా చెవి ముందు భాగంలో ఉంచి తీసి, తడి అంటనంతవరకు అలా మార్చి, ఆ తర్వాత రోగిని పక్కకు పడుకోబెట్టి చుక్కలు వేసి, చెవి ముందున్న మెత్తని బుడిపెను నాలుగైదుసార్లు నొక్కితే మందు లోపలికి దిగుతుంది. చుక్కల సీసాను ముందు అరచేతుల్లో కాసేపు పట్టుకొని గోరువెచ్చగా చేయండి. చల్లని మందు చెవిలో పడితే ఆరోగ్యవంతునికి కూడా కళ్ళు తిరుగుతాయి.